ట్యునీషియా ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాళ్ళు: అత్తూగా నుంచి ఖజ్రీ వరకు



2022 నవంబరు 30, మన గడియారం ప్రకారం రాత్రి ఎనిమిదిన్నర. ఖతార్ ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్‌తో ట్యునీషియా ఆట. మా సంఘం హాల్లో టీవీ ముందు పెద్దలు, పిల్లలు కలిపి పాతికమందిమి కూర్చున్నాం. 58వ నిమిషంలో వహ్బీ ఖజ్రీ గోల్ కొట్టాడు. అదే ఆటకు ఏకైక గోల్ అయింది. అంతకుముందు ప్రపంచ కప్ గెలిచిన ఫ్రాన్స్ ఓడిపోయింది.

అప్పుడు మాలో ఒకరి మనవడు అడిగాడు: "తాతయ్యా, ఇతను పుట్టింది ఫ్రాన్స్‌లోనేనట. మరి ఫ్రాన్స్ మీద ఎందుకు ఆడుతున్నాడు?"

వెంటనే ఎవరూ జవాబు చెప్పలేదు. మూడు నాలుగు తరాలుగా వేరే భాష రాష్ట్రంలో ఉంటున్న వాళ్ళం. "మీ సొంతూరేది?" అన్న ప్రశ్న మనకు కొత్త కాదు, జవాబు మాత్రం ఎప్పుడూ సులువు కాదు. ఆ పిల్లవాడికి సరిగ్గా చెప్పాలంటే ట్యునీషియా ఫుట్‌బాల్ కథ మొదటి నుంచి చెప్పాలి. అందుకే ఈ వ్యాసం. ఎవరు ఎప్పుడు ఆడారు, ఏం సాధించారు, అక్కడి వాళ్ళు వారిని ఎందుకు తలచుకుంటారు అన్నది వరుసగా రాస్తున్నాం. పిల్లల క్విజ్‌లకూ పనికొస్తుంది.

దేశం, క్లబ్బులు

ట్యునీషియా ఆఫ్రికా ఉత్తర తీరాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది. విస్తీర్ణంలో నేటి ఆంధ్రప్రదేశ్ అంత. జనాభా మాత్రం సుమారు కోటీ ఇరవై లక్షలే. 1881 నుంచి ఫ్రాన్స్ అధీనంలో ఉండి 1956 మార్చి 20న స్వతంత్రమైంది. మన యానాం 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అంటే రెండేళ్ళ తేడా. యానాం కుటుంబాలకు ఫ్రాన్స్‌తో ముడిపడిన ఇంటి చరిత్రలు ఎలాంటివో తెలుసు గనుక, ఖజ్రీ కథ వారికి తొందరగా అర్థమవుతుంది.

అక్కడి ఫుట్‌బాల్ నాలుగు పెద్ద క్లబ్బుల చుట్టూ తిరుగుతుంది. రాజధాని ట్యూనిస్‌లో రెండు: 1919లో పుట్టిన ఎస్పెరాన్స్, 1920లో పుట్టిన క్లబ్ ఆఫ్రికైన్. ఎస్పెరాన్స్ అంటే ఫ్రెంచిలో ఆశ. స్థాపకులు కూర్చుని మాట్లాడుకున్న కాఫీ హోటలు పేరే క్లబ్బుకు పెట్టారు. సూస్ పట్నంలో 1925 నాటి ఎత్వాల్ దు సాహెల్, స్ఫాక్స్ రేవు పట్నంలో 1928 నాటి క్లబ్ స్ఫాక్సియెన్ ఉన్నాయి. ఏ ఆటగాడి పేరు చెప్పినా అక్కడి వాళ్ళు ముందు అడిగేది "ఏ క్లబ్బు?" అనే.

మొదటి తరం: షెటాలి, అత్తూగా

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1957లో, ట్యునీషియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. మూడేళ్ళకే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వారి జట్టు ఆడింది. ఇక్కడ మనకూ ఒక సంబంధం ఉంది. అదే ఒలింపిక్స్‌లో భారత జట్టూ ఆడింది. కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు సికింద్రాబాదు తులసీదాస్ బలరాం. ఫ్రాన్స్‌తో మనవాళ్ళు 1-1 డ్రా చేశారు. ట్యునీషియా మూడు ఆటలూ ఓడింది. ఆ రోజు చూసినవారెవరైనా రెండు జట్లలో మనదే మెరుగనేవారు. తర్వాత మన జట్టు మళ్ళీ ఒలింపిక్స్ ముఖం చూడలేదు. వారు పద్దెనిమిదేళ్ళలో ప్రపంచ కప్‌కు చేరారు. ఆ మధ్య కాలంలో వారు చేసిన పని ఈ ఇద్దరి జీవితాల్లో కనిపిస్తుంది.

అబ్దెల్ మజీద్ షెటాలి ఎత్వాల్ దు సాహెల్ క్లబ్బు మిడ్‌ఫీల్డర్. 1965లో ట్యునీషియాలోనే జరిగిన ఆఫ్రికా కప్‌లో జట్టు ఫైనల్‌కు వెళ్ళింది. ఘానాతో అదనపు సమయం దాకా పోరాడి 3-2తో ఓడింది. ఆట మానేశాక షెటాలి జర్మనీ వెళ్ళి కోచింగ్ చదువుకుని, తిరిగి వచ్చి జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. తాను ఆటగాడిగా అందుకోలేనిది తర్వాతి వారితో అందుకునేలా చేశాడు.

సాదోక్ సాసి గోల్‌కీపర్. అసలు పేరుకన్నా "అత్తూగా" అన్న ముద్దుపేరుతోనే ప్రసిద్ధుడు. క్లబ్ ఆఫ్రికైన్ ఆటగాడు. ఆ 1965 ఫైనల్లో గోల్‌లో నిలబడినప్పుడు ఇరవై ఏళ్ళవాడు. పదకొండేళ్ళ తర్వాత, 1976 డిసెంబరు, 1977 జనవరిలలో, ప్రపంచ కప్ అర్హత కోసం మొరాకోతో ఆడిన రెండు ఆటలూ 1-1తో ముగిశాయి. పెనాల్టీల్లో ట్యునీషియా గెలిచింది. అప్పుడూ గోల్‌లో అత్తూగాయే. ఆ గెలుపు లేకుంటే 1978 లేదు.

1978: రోసారియోలో ఒక సాయంత్రం

1978 జూన్ 2. అర్జెంటీనాలోని రోసారియో పట్నంలో మెక్సికోతో ఆట. అంతవరకు ఏ ఆఫ్రికా దేశమూ ప్రపంచ కప్‌లో ఒక్క ఆట గెలవలేదు. విరామానికి ముందు మెక్సికో పెనాల్టీతో ముందుకు వెళ్ళింది. రెండో సగంలో అలీ కాబి, నజీబ్ గొమ్మిద్, మొఖ్తార్ ధుయిబ్ ఒక్కొక్క గోల్ కొట్టారు. ఆట 3-1తో ముగిసింది. ప్రపంచ కప్‌లో ఆఫ్రికాకు అదే మొదటి గెలుపు, అరబ్బు దేశాలకూ అదే మొదటిది.

ఈ ముగ్గురి క్లబ్బులు చూడండి. ధుయిబ్ స్ఫాక్స్ వాడు. గొమ్మిద్ క్లబ్ ఆఫ్రికైన్ వాడు. కాబి, పేరులోనే "రవాణా" ఉన్న ఒక చిన్న ట్యూనిస్ క్లబ్బు డిఫెండర్. అప్పటి జట్టులో దాదాపు అందరూ స్వదేశీ క్లబ్బుల్లో ఆడుతున్నవారే. తర్వాత పోలండ్ చేతిలో 1-0తో ఓడారు. అప్పటి ప్రపంచ విజేత పశ్చిమ జర్మనీని గోల్ పడకుండా 0-0తో నిలిపారు. తర్వాతి దశకు వెళ్ళలేకపోయినా, తలెత్తుకుని ఇంటికి వెళ్ళారు. 1982 ప్రపంచ కప్‌కు జట్లను 24కు పెంచినప్పుడు ఆఫ్రికాకు ఒక స్థానం బదులు రెండు దక్కాయి. తర్వాత కామెరూన్, అల్జీరియా ఆడిన గొప్ప ఆటలకు ఈ గెలుపు కూడా ఒక మెట్టు.

ఆ జట్టు నుంచి ఇద్దరి పేర్లు విడిగా చెప్పాలి.

*తారక్ ధియాబ్.* ఈ పేరు చెప్పగానే మన కుర్రాళ్ళు నవ్వుతారు. ఇది మన తారక్ కాదు, అరబ్బీ తారిక్. 1954లో పుట్టాడు. ఎస్పెరాన్స్ మిడ్‌ఫీల్డర్, బంతి ఎక్కడికి పోవాలో ముందే తెలిసినట్టు అందించేవాడు. 1977లో ఆఫ్రికా ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. ట్యునీషియా నుంచి ఆ గౌరవం దక్కిన వాడు నేటికీ ఆయన ఒక్కడే. ప్రపంచ కప్ తర్వాత కొంతకాలం సౌదీలోని అల్ అహ్లీకి ఆడి, మళ్ళీ ఎస్పెరాన్స్‌కే వచ్చాడు. 2011 విప్లవం తర్వాత ఏర్పడిన ప్రభుత్వంలో యువజన క్రీడా శాఖ మంత్రిగానూ పనిచేశాడు.

*హమ్మాది అగ్రెబి.* 1951లో స్ఫాక్స్‌లో పుట్టాడు. సొంత ఊరి క్లబ్బుకే పేరు తెచ్చాడు. ట్యునీషియా వాళ్ళు ఆయన్ని మాంత్రికుడు అంటారు. ఆయన ఖాతాలో ఆఫ్రికా ఉత్తమ ఆటగాడి బహుమతి లేదు, ఆఫ్రికా కప్ లేదు. అయినా పాతతరం వారిని అడిగితే చాలామంది ముందు చెప్పే పేరు ఇదే. బంతి ఆయన కాళ్ళ దగ్గర ఉన్నప్పుడు జనం గోల్ కోసం కాక, ఆయన ఏం చేస్తాడో చూడటానికి లేచి నిలబడేవారట. 2020 ఆగస్టులో కన్నుమూశాడు. అరవై వేల మంది పట్టే రాదెస్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. రాజధానిలోని స్టేడియానికి స్ఫాక్స్ వాడి పేరు పెట్టడం చిన్న విషయం కాదు.

ఎదురుచూపుల ఇరవై ఏళ్ళు

1978 తర్వాత మళ్ళీ ప్రపంచ కప్‌కు వెళ్ళడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఈలోగా క్లబ్బులు ముందుకు సాగాయి. 1991లో క్లబ్ ఆఫ్రికైన్ ఆఫ్రికా చాంపియన్ క్లబ్బుల కప్ గెలిచింది. ఒక ట్యునీషియా క్లబ్బుకు అదే మొదటిసారి. 1994లో ఎస్పెరాన్స్ గెలిచింది.

అదే 1994లో సొంతగడ్డ మీద జరిగిన ఆఫ్రికా కప్‌లో జాతీయ జట్టు గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది. జనం మండిపడ్డారు. రెండేళ్ళకే, 1996లో, దక్షిణాఫ్రికాలో అదే జట్టు ఫైనల్ చేరి, ఆతిథ్య జట్టు చేతిలో 2-0తో ఓడింది. ఆ జట్టును నిలబెట్టిన వారిలో ముందు చెప్పవలసినవాడు ఎస్పెరాన్స్ గోల్‌కీపర్ షోక్రి ఎల్ వాయెర్. అత్తూగా తర్వాత ఆ దేశం అంతగా నమ్మిన గోల్‌కీపర్ ఆయన. ఎత్వాల్ నుంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్ జుబేర్ బాయా, క్లబ్ ఆఫ్రికైన్ ఫార్వర్డ్ ఆదెల్ సెల్లిమి తర్వాత జర్మనీలోని ఫ్రైబుర్గ్ క్లబ్బుకు ఆడారు. మెహదీ బెన్ స్లిమాన్ కూడా అక్కడే ఆడాడు. ఒక చిన్న జర్మన్ పట్నం క్లబ్బులో ముగ్గురు ట్యునీషియా వాళ్ళు! అంతకుముందు సౌదీ వైపు చూసిన ఆటగాళ్ళు ఇప్పుడు యూరప్ వైపు నడిచారు.

1998, 2002, 2006 ప్రపంచ కప్‌లు మూడింటికీ ట్యునీషియా వరుసగా అర్హత సాధించింది. మూడింటిలోనూ ఆడిన రైట్‌బ్యాక్ హతెమ్ ట్రబెల్సి. స్ఫాక్స్ క్లబ్బు నుంచి 2001లో నెదర్లాండ్స్‌లోని అయాక్స్‌కు వెళ్ళి, 2002లోనూ 2004లోనూ అక్కడి లీగ్ గెలిచాడు. తర్వాత మాంచెస్టర్ సిటీకి ఆడాడు.

2004: సొంతగడ్డ మీద కప్

2004 ఫిబ్రవరి 14. రాదెస్ స్టేడియం. ఆఫ్రికా కప్ ఫైనల్లో మొరాకో మీద 2-1 గెలుపు. 1965లో చేజారిన కప్ ముప్పై తొమ్మిదేళ్ళకు చేతికందింది. ఇప్పటిదాకా ట్యునీషియా గెలిచిన ఏకైక ఆఫ్రికా కప్ అదే. కోచ్ ఫ్రాన్స్‌కు చెందిన రోజర్ లెమెర్. 2000లో యూరో కప్ ఫ్రాన్స్‌కు తెచ్చిన ఆయనే, నాలుగేళ్ళకు ఆఫ్రికా కప్ ట్యునీషియాకు తెచ్చాడు.

ఆ ఫైనల్లో మొదటి గోల్ కొట్టిన ఫ్రాన్సిలెయుదు డోస్ సాంటోస్ పుట్టింది బ్రెజిల్లో. కుర్రతనంలో సూస్ వచ్చి ఎత్వాల్ దు సాహెల్‌కు ఆడాడు. ఆ తర్వాత ఫ్రాన్స్ వెళ్ళాడు. టోర్నీకి కొద్ది నెలల ముందే ట్యునీషియా పౌరసత్వం తీసుకున్నాడు. నాలుగు గోల్స్‌తో ఆ టోర్నీలో అత్యధిక గోల్స్ కొట్టిన వారిలో ఒకడయ్యాడు. రెండో గోల్ కొట్టిన జియాద్ జజీరి ఎత్వాల్‌లోనే పెరిగినవాడు. ఒక గోల్ పుట్టినవాడిది, ఇంకొకటి వచ్చి చేరినవాడిది. కప్ మీద ఆ తేడా ఎక్కడా రాయలేదు.

గోల్‌కీపర్ అలీ బూమ్నిజెల్‌కు అప్పటికే ముప్పై ఏడేళ్ళు దాటాయి. 2006 ప్రపంచ కప్‌లో నలభై ఏళ్ళ వయసులో ఆడి, ఆ పోటీలో అందరికన్నా పెద్ద వయసు ఆటగాడయ్యాడు. డిఫెన్స్‌లో రాది జైదీ ఉన్నాడు. గాబెస్‌లో పుట్టి, ఎస్పెరాన్స్‌లో ఎదిగి, 2004లో బోల్టన్ క్లబ్బుకు వెళ్ళి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడిన తొలి ట్యునీషియా వాడయ్యాడు. జాతీయ జట్టుకు వందకు పైగా ఆటలు ఆడాడు. 2006లో సౌదీ అరేబియాతో ఆట చేజారిపోతుండగా చివరి క్షణాల్లో తలతో గోల్ కొట్టి 2-2 చేసింది ఆయనే.

కొత్త తరం

*ఇసామ్ జెమా.* జైదీ లాగే గాబెస్ వాడు. ఎస్పెరాన్స్ నుంచి ఫ్రాన్స్‌లోని లెన్స్ క్లబ్బుకు వెళ్ళాడు. జాతీయ జట్టుకు 84 ఆటల్లో 36 గోల్స్ కొట్టాడు. ట్యునీషియా చరిత్రలో అదే అత్యధికం. పేరు పెద్దగా వినబడకపోయినా లెక్కల పుస్తకంలో మొదటి వరుస ఆయనదే.

*యూసెఫ్ మ్సాక్నీ.* 1990లో పుట్టాడు. 2011లో ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ గెలిచిన ఎస్పెరాన్స్ జట్టులో ఉన్నాడు. 2013 ఆఫ్రికా కప్‌లో అల్జీరియా మీద చివరి నిమిషాల్లో దూరం నుంచి కొట్టిన గోల్ ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతుంది. ఎనిమిది ఆఫ్రికా కప్‌లు ఆడాడు. అన్ని ఆడినవారు ఆ ఖండం మొత్తంలో వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. 2018 ప్రపంచ కప్ మాత్రం మోకాలి గాయంతో పోయింది. 2022లో కెప్టెన్‌గా ఆ లోటు తీర్చుకున్నాడు.

*అలీ మాలూల్.* లెఫ్ట్‌బ్యాక్. స్ఫాక్స్‌లో పుట్టి, ఆ క్లబ్బు నుంచే 2016లో కైరోలోని అల్ అహ్లీకి వెళ్ళాడు. అక్కడ నాలుగు ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ టైటిళ్ళు గెలిచాడు. ఈజిప్టు అభిమానులు పరాయి దేశం వాడన్న మాటే మరిచిపోయేలా ఆడాడు.

*వహ్బీ ఖజ్రీ.* 1991లో ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవిలో, అజాక్సియోలో, ట్యునీషియా కుటుంబంలో పుట్టాడు. బాస్టియా, బోర్డో, సండర్‌లాండ్, సెయింట్ ఎటియెన్ వంటి క్లబ్బుల్లో ఆడాడు. ఫ్రాన్స్ యువ జట్టుకూ ఆడి, చివరికి ట్యునీషియాను ఎంచుకున్నాడు. 2018 ప్రపంచ కప్‌లో బెల్జియం మీద ఒకటి, పనామా మీద ఒకటి గోల్ కొట్టాడు. పనామా మీద 2-1 గెలుపు, 1978 తర్వాత ప్రపంచ కప్‌లో ట్యునీషియాకు మొదటిది. నలభై ఏళ్ళు పట్టింది. అదే ఆటలో ఫఖ్రెద్దీన్ బెన్ యూసెఫ్ కొట్టింది ప్రపంచ కప్ చరిత్రలో 2500వ గోల్.

ఇక 2022. ఫ్రాన్స్ మీద గోల్ కొట్టిన రెండు నిమిషాలకే ఖజ్రీని మార్చి మరొకరిని దింపారు. చివర్లో ఫ్రాన్స్ కొట్టిన గోల్‌ను వీడియో చూసి రద్దు చేశారు. ట్యునీషియా గెలిచింది, కానీ అదే సమయంలో డెన్మార్క్‌ను ఆస్ట్రేలియా ఓడించడంతో తర్వాతి దశకు వెళ్ళలేకపోయింది. ఆ పోటీ తర్వాత ఖజ్రీ జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. 74 ఆటలు, 25 గోల్స్.

ఒక చూపులో

అత్తూగా: గోల్‌కీపర్, క్లబ్ ఆఫ్రికైన్. 1965 ఫైనల్, 1978 అర్హత.
షెటాలి: మిడ్‌ఫీల్డర్, ఎత్వాల్. 1978 జట్టు కోచ్.
తారక్ ధియాబ్: మిడ్‌ఫీల్డర్, ఎస్పెరాన్స్. 1977 ఆఫ్రికా ఉత్తమ ఆటగాడు.
హమ్మాది అగ్రెబి: మిడ్‌ఫీల్డర్, స్ఫాక్సియెన్. రాదెస్ స్టేడియం ఆయన పేరిటే.
షోక్రి ఎల్ వాయెర్: గోల్‌కీపర్, ఎస్పెరాన్స్. 1996 ఫైనల్.
హతెమ్ ట్రబెల్సి: రైట్‌బ్యాక్, స్ఫాక్సియెన్, అయాక్స్. మూడు ప్రపంచ కప్‌లు.
రాది జైదీ: డిఫెండర్, ఎస్పెరాన్స్, బోల్టన్. 2004 విజేత.
డోస్ సాంటోస్: స్ట్రైకర్, ఎత్వాల్, సోషో. 2004లో నాలుగు గోల్స్.
ఇసామ్ జెమా: స్ట్రైకర్, ఎస్పెరాన్స్, లెన్స్. 36 గోల్స్.
యూసెఫ్ మ్సాక్నీ: ఫార్వర్డ్, ఎస్పెరాన్స్. ఎనిమిది ఆఫ్రికా కప్‌లు.
అలీ మాలూల్: లెఫ్ట్‌బ్యాక్, స్ఫాక్సియెన్, అల్ అహ్లీ.
వహ్బీ ఖజ్రీ: ఫార్వర్డ్. ప్రపంచ కప్‌లలో మూడు గోల్స్.

ఇంతకీ ఎవరు గొప్ప?

గౌరవాల లెక్క తీస్తే తారక్ ధియాబ్. గోల్స్ లెక్క తీస్తే జెమా. కప్ కావాలంటే 2004 జట్టు. మనసుల లెక్క తీస్తే అగ్రెబి. మా సంఘంలో చేతులెత్తమంటే పెద్దలు తారక్ వైపు, పిల్లలు ఖజ్రీ వైపు ఎత్తారు. మా అభిప్రాయం అడిగితే తారక్ ధియాబ్‌కే ఓటు. కానీ అత్తూగా పెనాల్టీల దగ్గర నిలబడకపోతే తారక్‌కు ప్రపంచ కప్ లేదు. 1965లో ఓడిన షెటాలి తిరిగి వచ్చి నేర్పకపోతే రోసారియో గెలుపు లేదు. ఒక తరం ఆగిన చోట మరో తరం మొదలుపెట్టింది.

ఆ పిల్లవాడి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాం. 1978లో జట్టంతా ఇంటి గడ్డ మీద పెరిగినవారే. 2004లో బ్రెజిల్లో పుట్టినవాడు గోల్ కొట్టాడు. 2022లో ఫ్రాన్స్ నేల మీద పుట్టినవాడు ఫ్రాన్స్ మీదే గోల్ కొట్టాడు. ఈ రోజు జట్టులో మిడ్‌ఫీల్డ్ మోస్తున్న ఎల్లిస్ స్ఖిరి, హన్నిబాల్ మెజ్‌బ్రీ కూడా ఫ్రాన్స్‌లో పుట్టినవారే. ఎవరూ వారిని పరాయివారనలేదు. పుట్టిన ఊరు ఒకటి కావచ్చు, తాతముత్తాతల ఊరు ఇంకొకటి కావచ్చు. రెండింటినీ కాదనుకోనక్కరలేదు. ఏ జట్టుకు ఆడతానన్నది ఖజ్రీ తానే నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయం అతని ఇంట్లో ఎవరో ఒకరు ఆ దేశం గురించి చెబుతూ వచ్చినందువల్లే సాధ్యమైంది అని మా నమ్మకం. ఇంట్లో ఎవరూ చెప్పకపోతే పిల్లవాడికి ఎంచుకోవడానికి రెండోది మిగలదు.

2026 ప్రపంచ కప్‌కు ట్యునీషియా ఏడోసారి అర్హత సాధించింది. అర్హత పోటీల పది ఆటల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆటలు చూసేటప్పుడు ఈ పేర్లు మీ పిల్లలకు కూడా చెప్పండి. పనిలో పనిగా మన ఊళ్ళలో ఒకప్పుడు ఏ మైదానంలో ఎవరు ఆడేవారో ఇంటి పెద్దలను అడిగి రాసిపెట్టుకోండి. ఆ పేర్లు చెప్పగలిగినవారు మన మధ్య ఇంకా ఉన్నారు.